ఎడమ పక్క చుక్క

కిందటి వారం మనం పెద్దక్కను మైక్రోస్కోపు ముందు, చేతిలో చిన్న కాగితపు కవరుతో వదిలేసి వచ్చాం. ఆ కవరులో ఒక గాజు స్లైడు ఉంది. దాని మీద ఒక స్త్రీ గర్భాశయ ముఖం నుంచి పధ్నాలుగు నెలల కిందట తీసిన కణాలున్నాయి. అప్పట్లో దాన్ని చూసి "దోషం లేదు" అని రాసింది గువ్వ అని రిజిస్టరు చెబుతోంది. గువ్వ అంటే పెద్దక్కకు స్వయానా తమ్ముడి కూతురు, ల్యాబులో ఆమె కింద పనిచేసే పిల్ల. ఇప్పుడా స్త్రీ, బడిలో పిల్లలకు పాటలు నేర్పే నలభై ఒక్కేళ్ళ మనిషి, పెద్ద ఆపరేషను చేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉంది. అప్పుడే పట్టుకుని ఉంటే చిన్న చికిత్సతో పోయేదని ఆసుపత్రివాళ్ళు ఉత్తరం రాశారు. ఉత్తరం మంగళవారం వచ్చింది. బుధవారం గువ్వను పనిలోకి రావద్దన్నారు. గురువారం ఆ తారీఖు మిగతా స్లైడ్లను మళ్ళీ చూడమని బయటి ల్యాబుకు పంపారు. సోమవారం పొద్దున పది గంటలకు విచారణ. ఇవాళ శనివారం.

ల్యాబులో అందరికంటే పాత మనిషి కాబట్టి, ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీ అరిగిపోయేలా కూర్చున్నది కాబట్టి, పెద్ద డాక్టరు ఆ కవరు తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. "మీరొకసారి చూసి అభిప్రాయం రాసివ్వండి పెద్దక్కా. విచారణలో మీ మాటే ఆఖరు మాట" అన్నాడు. మేనకోడలి సంగతి కదా, ఇంకెవరికైనా ఇవ్వండి అని ఆమె అనకపోలేదు. "మీ కన్ను ఎవరి కోసమూ అబద్ధం చెప్పదని నాకు తెలీదా?" అన్నాడాయన. అంతే, ఆమె కవరు తీసేసుకుంది. పొగడ్తలకు లొంగనని చెప్పుకునేవాళ్ళను లొంగదీసే పొగడ్త ఇలాగే ఉంటుంది మరి.

శనివారం మధ్యాహ్నం కావడంతో గదిలో ఎవరూ లేరు. మిగతా నాలుగు మైక్రోస్కోపులకూ గుడ్డ తొడుగులు వేసి ఉన్నాయి. గోడ మీద ఆమె గురువుగారు తన చేత్తో రాసి అతికించిన కాగితం పసుపు రంగుకు తిరిగి, ఒక మూల చిరిగి వేలాడుతోంది. "రోజుకు ఎనభై స్లైడ్లు. గంటకోసారి లేచి కిటికీలోంచి దూరం చూడాలి. తల బరువెక్కితే చెప్పాలి, దాచకూడదు" అని ఉంటుంది దాని మీద. గురువుగారు పోయి తొమ్మిదేళ్ళయింది. కాగితాన్ని ఎవరూ పీకెయ్యలేదు గానీ, ఆరేళ్ళ కిందట ఇంకో మైక్రోస్కోపుకు చోటు చాలక ఇనప బీరువాను కిటికీకి అడ్డంగా జరిపించింది పెద్దక్కే. అప్పట్నుంచీ ఆ గదిలో దూరం చూడాలంటే బీరువా తలుపు వరకూ చూడొచ్చు.

ఆమె స్లైడు పెట్టి, లైటు వేసి, కళ్ళు ఆనించింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, పొలం దున్నినట్టు వరస తప్పకుండా జరుపుకుంటూ వచ్చింది. గులాబీ రంగు కణాలు, నీలం కణాలు, అన్నీ బుద్ధిగా ఉన్నాయి. కుడి అంచుకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ పదో పన్నెండో కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముద్దగా ఉన్నాయి. ఒక్కో కణం నడుమ ఉండే గింజ ఉబ్బి, నల్లబారి, అంచులు వంకర పోయి ఉంది. ఇందులో కనుక్కోవడానికేం లేదు, నిన్న చేరిన శిక్షణ పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఇది కనపడలేదంటే ఆ చూసిన మనిషి కళ్ళు తెరిచి నిద్రపోతూ ఉండాలి.

"అయ్యో తల్లీ" అని పైకే అంది పెద్దక్క. ఆ మాట మంచం మీదున్న ఆవిడ కోసమో గువ్వ కోసమో ఆమెకే తెలియదు.

తర్వాత చుక్క కోసం చూసింది. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. స్లైడు చూసినవాళ్ళు, కణాలు సరిపడా ఉన్నాయని చూపడానికి, మంచి గుంపొకటి ఎంచుకుని దాని దగ్గర గాజు మీద సిరా చుక్క పెడతారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్ను. పెద్దక్కది నీలం. గువ్వది ఆకుపచ్చ. ఈ చుక్క ఆకుపచ్చగా ఉంది.

దాచి లాభం లేదు, ఆ రంగు చూడగానే ఆమె గుండె కుదుటపడింది. మంగళవారం ఉత్తరం చదివినప్పటి నుంచీ ఒక అనుమానం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని ఆమె కదపలేదు, తియ్యలేదు, ఎవరికీ చూపలేదు. ఆకుపచ్చ చుక్క కనపడగానే హమ్మయ్య అనుకుంది. కన్నకూతురిలా చూసుకున్న పిల్ల మెడకు ఉచ్చు బిగిసిందని తెలిసి హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు తల్చుకున్నా, మిగతావన్నీ ఒక ఎత్తు, ఈ హమ్మయ్య ఒక ఎత్తు.

ఆ నిమ్మళం ఎంతోసేపు ఉండలేదు. చుక్క రంగు సరే, అది ఉన్న చోటు చూసింది. ఎంచుకున్న మంచి గుంపుకు ఎడమ పక్కన ఉంది.

ఆ గదిలో అందరూ చుక్క గుంపు మీద పెడతారు. శిక్షణ పుస్తకంలో అలాగే ఉంటుంది, గువ్వ కూడా అలాగే నేర్చుకుంది. పెద్దక్క మాత్రం ఎడమ పక్కన పెడుతుంది. గురువుగారిది ఎడమచేతి వాటం, ఆయన పక్కన నిలబడి నేర్చుకున్న చెయ్యి అదే దారి పట్టింది, ఇరవై ఆరేళ్ళలో మళ్ళీ మారలేదు. "పెద్దక్క చుక్క ఎడమ పక్క" అని పిల్లలు వెనకాల ఆటపట్టిస్తారు కూడా. పెన్ను మార్చగలిగింది గానీ చెయ్యి మార్చలేకపోయింది.

ఆమె కళ్ళు ఎత్తి బీరువా తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆకుపచ్చ పెన్ను తానూ పట్టిందన్న సంగతిని, ఇందాక హమ్మయ్య అనుకుంటూ మనసు తొక్కిపెట్టింది. ఇక గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఈ స్లైడు చూసిన రోజు పొద్దున గువ్వ ఫోను చేసింది. బస్టాపులోంచి. వెనక బస్సుల చప్పుడు.

"అత్తా, మూడు బస్సులు వెళ్ళిపోయాయి. ఎక్కలేకపోతున్నాను."

"అంత రద్దీగా ఉన్నాయా?"

"కాదు. ఖాళీగానే ఉన్నాయి. కాలు లేవట్లేదు."

"జ్వరమేమైనా..."

"ఏం లేదు. స్లైడ్ల ట్రేలు గుర్తొస్తే కాలు లేవట్లేదత్తా."

అప్పుడు పెద్దక్క ఏం చెయ్యాలి? గోడ మీద కాగితంలోనే ఉంది, తల బరువెక్కితే చెప్పాలని. పిల్ల చెప్పింది. వినాల్సిన మనిషి వినాలి కదా. ఆ నెల్లోనే ఉద్యోగాలు పర్మనెంటు చేసే జాబితా తయారవుతోంది, ఒక్క సెలవున్నా పేరు కిందికి జారుతుంది. అందుకని ఆమె "సరే, ఇంటికెళ్ళి పడుకో. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను" అని ఫోను పెట్టేసింది. హాజరు పట్టీలో గువ్వ సంతకం తానే పెట్టింది. తన ఎనభై అయ్యాక గువ్వ సొరుగులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, గువ్వ ట్రేలోని డెబ్భై కూడా చూసింది. ఆ నెలలో అలా మూడుసార్లు. జాబితాలో గువ్వ పేరు పైనే వచ్చింది, తమ్ముడి ఇంట్లో అందరూ సంబరపడ్డారు, పెద్దక్క లోలోపల మురిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు, గువ్వకు కూడా. పిల్ల అడిగింది కాస్త ఊపిరి తీసుకునే తీరిక. ఈమె ఇచ్చింది హాజరు పట్టీలో ఒక గీత.

స్లైడును కవరులో పెట్టి, మైక్రోస్కోపుకు తొడుగు వేసి, ఆమె బయటికొచ్చి స్కూటరు మీద కూర్చుంది. తాళం తిప్పలేదు. ఈ మధ్య కొన్నేళ్ళుగా అది ఆమెకు అలవాటే. సాయంత్రం ఇంటి ముందు స్కూటరు ఆపి, దిగకుండా పది నిమిషాలు అలాగే కూర్చుంటుంది. కళ్ళు మూస్తే రెప్పల వెనక గులాబీ, నీలం కణాలు కదులుతుంటాయి. "నువ్వు ఇంటికొస్తావు గానీ, వచ్చినట్టుండదు" అని ఆమె భర్త ఒకసారి అన్నాడు. గొడవ పెట్టుకోవడానికి అనలేదు పాపం, నీళ్ళగ్లాసు అందిస్తూ అన్నాడు. ఆమె దాన్ని చెవిన వేసుకోలేదు. అలసట అనేది పని చేతకానివాళ్ళు చెప్పుకునే సాకని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే గువ్వను తీర్చిదిద్దానని అనుకుంది.

తమ్ముడి ఇల్లు ల్యాబుకు రెండు వీధుల అవతల. అతను గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో బల్ల, బల్ల మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద విప్పిన గడియారం పేగులు. కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నవాడు అక్కను చూసి దాన్ని నుదుటి మీదికి తోశాడు.

"రా అక్కా. తిన్నావా?"

"తిన్నాలే." తినలేదు. "ఎలా ఉంది పిల్ల?"

"పొద్దుట్నుంచీ ఉతికిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడత పెడుతోంది. పెట్టనీ, చేతికి ఏదో పనుండాలి కదా." అతను ఒక చిన్న చక్రాన్ని పట్టకారుతో తీసి మూతలో వేశాడు. "ఇవాళ్టికి ఐదయ్యాయి. ఇంక ముట్టను."

"గిరాకీ లేదా?"

"లేకేం? బుట్టలో ఇంకా పన్నెండున్నాయి. ఆరోది ముట్టుకున్నానంటే చెయ్యి వణుకుతుంది. అప్పుడు మొదటి ఐదింటి మీదా నాకు నమ్మకం పోతుంది. నాకెందుకొచ్చిన గొడవ?" అని నవ్వి, మళ్ళీ నవ్వు ఆపేశాడు. "అక్కా, దానివల్ల నీకు తలవంపులొచ్చాయని బాధగా ఉంది. నీ చేతుల్లో పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఇలా చేస్తుందనుకోలేదు."

తమ్ముడు తిట్టి ఉంటే బాగుండేది. క్షమాపణ అడుగుతున్నాడు. "లోపలికెళ్ళి చూసొస్తాను" అని పెద్దక్క వెనక గది వైపు నడిచింది.

గువ్వ వెనక గదిలో నేల మీద కూర్చుని ఉంది. పేరుకు తగ్గట్టే పిట్టంత మనిషి, ఈ ఐదు రోజుల్లో ఇంకా సగమైంది. చుట్టూ మడత పెట్టిన బట్టలు మూడు దొంతర్లు. అత్తను చూసి ఒక దొంతర పక్కకు జరిపి చోటిచ్చింది.

"కూర్చో అత్తా. నేనే వద్దామనుకున్నాను, ల్యాబుకి రాకూడదన్నారు కదా. ఇది చదివి తప్పులుంటే దిద్దు." ఒక కాగితం అందించింది.

పెద్దక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. రాత గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉంది. "ఆ స్లైడు నేనే చూశాను. ఆ రోజుల్లో నాకు చూపు నిలిచేది కాదు. అన్నీ ఒకేలా కనపడేవి. పై వాళ్ళకు గట్టిగా చెప్పి పనిలోంచి తప్పుకోవాల్సింది, తప్పుకోలేదు. నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఇక ఈ పని చెయ్యను. ఆమెను ఒక్కసారి కలిసి క్షమించమని అడగడానికి అనుమతి ఇప్పించండి."

"ఎందుకు రాశావిది?" అంది పెద్దక్క.

"ఎందుకేంటి? సోమవారం ఇవ్వడానికి."

"ఆ స్లైడు చూసినట్టు నీకు గుర్తుందా?"

"లేదు." గువ్వ ఒక తువ్వాలు విప్పి మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది. "ఐదు రోజుల్నుంచి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్నా. ఆ నెలంతా నాకు ఒకటే రోజులా ఉందత్తా. ముందు ఆశపడ్డాను తెలుసా? నేను రాని రోజులు మూడున్నాయి కదా, అందులో ఒకటేమో ఇది అని. ఆఫీసు గుమాస్తాని బతిమాలి ఆ ఒక్క రోజు హాజరు పట్టీ ఫొటో తెప్పించుకున్నా. ఆ తారీఖున హాజరనే ఉంది. రాని రోజులకి నువ్వు సెలవు రాసే ఉంటావు. హాజరుందంటే వచ్చాను. వచ్చానంటే చూశాను. చూశానంటే వదిలేశాను. అంతే కదా?"

తువ్వాలు మడత కుదిరింది. దొంతర మీద పెట్టి, చేత్తో నిమిరి, చదును చేసింది. పెద్దక్కకు ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోవడానికి ముఖం చెల్లలేదు.

"అందరికీ జరుగుతుంది తల్లీ" అంది ఆఖరికి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే చేదుగా తగిలింది.

"నీకు జరగలేదుగా" అంది గువ్వ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. "నీకు అలసటే రాదు. అందుకే నేనేమీ అనలేకపోయాను. రెండుసార్లు అడిగాను, గుర్తుందా? కొన్నాళ్ళు లేబుళ్ళు అంటించే పని ఇవ్వు, నమూనాలు తీసుకునే కిటికీ దగ్గరైనా కూర్చుంటానన్నాను. మొదటిసారి నవ్వావు. రెండోసారి, 'నీ వయసులో నేను తొంభై చూసేదాన్ని' అన్నావు. ఇంటికొచ్చి ఏడ్చాను. నేనే పనికిరానిదాన్ని అనుకున్నా."

"నేనలా అన్నానా?"

"అన్నావు."

అంది. గుర్తుంది. ఏ కుర్చీలో కూర్చుని అందో కూడా గుర్తుంది.

"అది అబద్ధమే అమ్మడూ" అంది పెద్దక్క. "నేనెప్పుడూ తొంభై చూడలేదు. గురువుగారు చూడనిచ్చేవాడు కాదు. ఎనభై అవగానే వెనకనుంచి వచ్చి నా మైక్రోస్కోపు లైటు తీసేసేవాడు. ఇంకో రెండున్నాయండీ అంటే, రేపు కూడా ఉంటాయిలే, లేచి కిటికీ దగ్గరకెళ్ళు అనేవాడు. ఆయనకి మెతక మనిషని పేరు. ఆయన పోయి నా చేతికి వచ్చాక, నేనలా ఉండకూడదనుకున్నా."

గువ్వ మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. అత్త నోట అబద్ధమనే మాట ఆ పిల్ల ఇదివరకు వినలేదు.

ఇంకాస్త ఆగితే మళ్ళీ నోరు పెగలదని పెద్దక్కకు తెలుసు. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, చెప్పేసింది. "ఆ స్లైడు మీద చుక్క ఎడమ పక్కనుంది."

గువ్వకు వెంటనే అర్థం కాలేదు. "ఎవరి చుక్క?"

"ఆకుపచ్చదే. నీ పెన్నే. ఎడమ పక్కన."

తువ్వాలు కోసం చాచిన చెయ్యి అలాగే ఆగింది.

"ఆ రోజు నువ్వు రాలేదు. బస్టాపులోంచి ఫోను చేశావు, ఆ రోజు. సెలవు రాయలేదు నేను. జాబితా పోతుందని హాజరు వేసేశా. నీ సంతకం నేనే పెట్టా. నా ఎనభై అయ్యాక నీ డెబ్భై నేనే చూశా. నువ్వు వదిలెయ్యలేదు. నేను వదిలేశా." గుక్క తిప్పుకోకుండా చెప్పి, గాలి పీల్చుకుంది. "మూడు రోజులూ అంతే చేశా. నీకు మేలు చేస్తున్నాననుకున్నా."

ముందుగదిలో గడియారాలు వాటి దారిన అవి కొట్టుకుంటున్నాయి. ఏ రెండూ కలవడం లేదు. గువ్వ ఏడుస్తుందనుకుంది పెద్దక్క, లేదా లేచి మీద పడుతుందనుకుంది. రెండింటికీ సిద్ధంగా ఉంది. పిల్ల ఏదీ చెయ్యలేదు. కాగితం తీసుకుని, తను రాసింది మళ్ళీ మొదటినుంచీ చదువుకుంది.

"ఈ ఐదు రోజులూ" అంది, "ఆవిడ ఎలా ఉంటుందా అని ఊహించుకుంటూనే ఉన్నాను. ఆవిడ దగ్గరకెళ్ళి ఎలా నిలబడాలా అని. అన్నం ముద్ద దిగలేదు. నీకు మంగళవారమే అనుమానం వచ్చింది కదూ?"

పెద్దక్క తల దించుకుంది. "వచ్చింది."

"ఒక్క ఫోను చెయ్యాల్సింది అత్తా."

"చెయ్యాల్సింది."

అంతకుమించి ఏం చెప్పినా సాకే అవుతుంది. తనకు ఆ పొద్దున తలనొప్పి ఉందని, నూటయాభై స్లైడ్లలో ఆఖరి నలభై ఏం చూసిందో ఆ సాయంత్రమే గుర్తులేదని, ఇంటి ముందు స్కూటరు మీద చాలాసేపు కూర్చుండిపోయిందని ఆమె చెప్పొచ్చు. చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు చెప్పనిదాన్ని ఇప్పుడు ఈ పిల్ల ముందు పరిస్తే జాలి అడుక్కున్నట్టుంటుంది.

గువ్వ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మడతలు పెడుతూ పెడుతూ మధ్యలో ఆగిపోయింది. చూపు ఎక్కడో నిలిచింది. ఆ చూపు పెద్దక్కకు బాగా తెలుసు, స్లైడు అంచున ఏదో కనపడినప్పుడు చెయ్యి తిరిగిన మనిషి మొహంలో కనపడేది అదే. పిల్లకు ఆ కన్ను పోలేదు. అలసిందంతే.

"ఆ ఒక్క తారీఖువి మాత్రమే బయటి ల్యాబుకి పంపారు కదా, మళ్ళీ చూడ్డానికి?"

"అవును. గురువారం పంపారు."

"మిగతా రెండు రోజులవి?"

"అవి ల్యాబులోనే ఉన్నాయి" అంది పెద్దక్క.

"రెండు డెబ్భైలు నూట నలభై" అంది గువ్వ. "నూట నలభై మంది అత్తా. వాళ్ళందరికీ ఏ దోషమూ లేదని కాగితాలు వెళ్ళాయి. ఆ రెండు రోజుల గురించి ఎవరికీ తెలీదు. నీకూ, ఇప్పుడు నాకూ తప్ప."

తన తప్పు ఈ ఇంటి గడప దాటి అంత దూరం వెళ్ళిందని పెద్దక్కకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఒక స్లైడు, ఒక పిల్ల, ఒక విచారణ, ఇంతవరకే ఆమె లెక్క. మరుక్షణమే, ఇరవై ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ల్యాబు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడే వెళ్తా. ఆ రెండు తారీఖుల పెట్టెలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఇవాళా రేపూ కూర్చున్నానంటే సోమవారం లోపల నూట నలభై చూసేస్తా. ఒక్కటి కూడా..."

"అత్తా."

"ఒక్కటి కూడా వదలను, నా మీద ఒట్టు, నువ్వు..."

"అత్తా, ఏమంటున్నావో నీ చెవులకి వినపడుతోందా?"

పెద్దక్క ఆగింది. చేతిలో స్కూటరు తాళం, ల్యాబు తాళాలు కలిసి గలగలమంటున్నాయి.

"మళ్ళీ అదే చేస్తావా?" అంది గువ్వ. ఇప్పుడు ఏడుస్తోంది. "ఒక్కదానివే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, కళ్ళు మండిపోతుంటే, మళ్ళీ అదే! నువ్వు చూడకూడదు. నేనూ చూడకూడదు. నా కళ్ళిప్పుడు పనికిరావు, నీవీ పనికిరావు. ఆ నూట నలభై మందికి నిద్రపోయి లేచిన కళ్ళు కావాలి. ఫోను చెయ్యి."

"ఎవరికి?"

"పెద్ద డాక్టరుకి. ఇప్పుడే. స్పీకరు పెట్టి చెయ్యి."

గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు. భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. అక్క మొహంలోకి చూడకుండా, మూలనున్న కుర్చీ తెచ్చి ఆమె వెనక వేసి, మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. పెద్దక్క కుర్చీలో కూలబడింది. ఫోను తీసి నంబరు నొక్కి, ఒళ్ళో పెట్టుకుంది. ఏం చెప్పాలో మనసులో వరస పెట్టుకుంది. మూడు తారీఖులు. హాజరు పట్టీ. ఆకుపచ్చ పెన్ను. మూడు మాటల్లో అయిపోతుంది.

రెండో రింగుకే పెద్ద డాక్టరు ఎత్తాడు.

"నేనే మీకు చేద్దామనుకుంటున్నాను పెద్దక్కా! నూరేళ్ళు మీకు. బయటికి పంపినవి చూసేశారు, ఇప్పుడే కబురొచ్చింది. ఇంకొకటి దొరికింది."

గువ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అదే తారీఖు" అన్నాడాయన. "విచిత్రమేంటంటే ఇది ఆ అమ్మాయి ట్రేలోది కాదు. మీ ట్రేలోది. నీలం చుక్క, మీ సంతకం."

తన ఎనభై. కళ్ళు బాగున్నప్పుడు చూశాననుకున్న తన ఎనభై. వాటి ఆలోచనే ఆమెకు రాలేదు. గువ్వ ట్రేలోని డెబ్భైల గురించే గుండెలు బాదుకుంటోంది గానీ, తన ట్రేలు కూడా ఆ మూడు రోజులవేనని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"కంగారుపడకండి, నేను నమ్మలేదు" ఫోనులో గొంతు మెత్తగా, ఓదార్పుగా వస్తోంది. "మీకు పొరపాటా? ఇరవై ఆరేళ్ళలో లేనిది! ఆలోచిస్తే నాకు తట్టింది. ఆ రోజు మీకు సాయం చేద్దామని మీ ట్రేలోవి కొన్ని ఆ అమ్మాయి చూసి ఉంటుంది. మీ పెన్ను తీసుకుని చుక్కలు పెట్టి ఉంటుంది. మీరు మేనకోడలని బయటపెట్టట్లేదు. నాకర్థమైంది. కానీ సోమవారం ఆసుపత్రివాళ్ళు కూడా కూర్చుంటారు, ల్యాబు పరువు మీ మీదే ఉంది. మీరు అవునని ఒక్క మాటనండి చాలు, రెండూ ఆ అమ్మాయి కిందే రాసేస్తాను. ఎలాగూ పని వదిలేస్తానని గుమాస్తాతో అందట కదా. అంతేనా పెద్దక్కా? వింటున్నారా?"

ఫోను పెద్దక్క ఒళ్ళో వెలుగుతూనే ఉంది. గుమ్మంలో తమ్ముడు నుదుటి మీది భూతద్దం తీసి చేత్తో పట్టుకున్నాడు.

గువ్వ అంతసేపూ అత్త మొహంలోకే చూస్తూ ఉంది. ఇప్పుడు చూపు తిప్పేసుకుంది. అత్త ఏమంటుందో తనకు ముందే తెలిసినట్టు, కిందికి వంగి, దొంతర మీది తువ్వాలు తీసి, విప్పి, మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది.